పసుపు జెండాకు నలభై మూడు వసంతాలు

2025 మార్చి 29తో తెలుగుదేశం పార్టీ నలభై మూడేళ్లు నిండి నలభై నాలుగో ఏట అడుగుపెట్టింది. ఊరూరా జెండా దిమ్మెలకు రంగులు వేయించి, పసుపు తోరణాలు కట్టి, అన్న ఎన్టీఆర్ విగ్రహానికి నిలువెత్తు పూలదండ వేసి పండగ చేసుకున్న కార్యకర్తలకు, వారి ఇంటి ఆడపడుచులకు, విదేశాల్లో ఉంటూ కూడా ఆ రోజు ఒకచోట చేరి పార్టీ పుట్టినరోజు జరుపుకున్న తెలుగు బిడ్డలకు శ్రేయోభిలాషులందరి తరఫున మనఃపూర్వక శుభాకాంక్షలు. మన దేశంలో ప్రాంతీయ పార్టీలు పుట్టడం వింత కాదు. ఒక నాయకుడి చరిష్మాతో పుట్టి, ఆ నాయకుడితోనే కనుమరుగైనవి లెక్కకు మించి ఉన్నాయి. పెట్టిన తొమ్మిది నెలలకే గద్దెనెక్కిన పార్టీ, స్థాపకుడు కన్నుమూసి ఇరవై తొమ్మిదేళ్లు గడిచాక కూడా అదే జెండాతో, అదే సైకిలు గుర్తుతో రాష్ట్రాన్ని ఏలుతూ ఉండటం మాత్రం సామాన్యమైన సంగతి కాదు.

1982 నాటి పరిస్థితి తెలియని తరం ఇప్పుడు ఓటర్లలో సగానికి పైనే ఉంటుంది కాబట్టి నాలుగు మాటలు చెప్పుకోవాలి. 1978లో ఏర్పడిన శాసనసభ గడువు ముగిసేలోపు ఆంధ్రప్రదేశ్ నలుగురు ముఖ్యమంత్రులను చూసింది. చెన్నారెడ్డి గారు, అంజయ్య గారు, భవనం వెంకట్రామ్ గారు, కోట్ల విజయభాస్కరరెడ్డి గారు. వీరిలో ఎవరినీ ఎంచుకున్నది ప్రజలు కాదు, మార్చిందీ ప్రజలు కాదు. అన్నీ ఢిల్లీ నుంచి వచ్చిన సీల్డు కవర్లే. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో ముఖ్యమంత్రి అంజయ్య గారికి అందరి ముందూ జరిగిన అవమానం కాంగ్రెస్‌ను అభిమానించే ఇళ్లల్లో కూడా ముల్లులా గుచ్చుకుంది. సరిగ్గా అలాంటి సమయంలో, అరవై ఏళ్లకు చేరువవుతున్న వయసులో, వెండితెర మీద రాముడిగా, కృష్ణుడిగా కొలువైన నందమూరి తారక రామారావు గారు మార్చి 29న హైదరాబాదులో పార్టీని ప్రకటించారు. సినిమావాళ్లకు రాజకీయాలేమిటని నవ్వినవారు చాలామందే ఉన్నారు. ఆ నవ్వు పట్టుమని పది నెలలైనా నిలవలేదు.

పాత షెవర్లే వ్యాను ఒకటి చైతన్య రథం అయింది. లోపలి నుంచి పైకెక్కడానికి నిచ్చెన, పైన నిలబడి మాట్లాడటానికి చోటు, మైకు. స్టీరింగు ముందు కొడుకు హరికృష్ణ. ఖాకీ బట్టలతో అన్న గారు అందులోనే తిని, అందులోనే కునుకు తీసి, చెట్టు నీడన స్నానం కానిచ్చి ఊరి తరవాత ఊరు తిరిగారు. సాయంత్రం ఆరింటికి రావలసిన రథం అర్ధరాత్రి దాటినా రాకపోతే, హారతి పళ్లెంలో కర్పూరం మార్చుకుంటూ ఆడవాళ్లు రోడ్డు పక్కనే కూర్చుండిపోయేవారు. చంకలో నిద్రపోతున్న పిల్లవాణ్ణి తట్టి లేపి ‘అదిగో రామారావు’ అని చూపించిన తల్లులున్నారు. ఆ పిల్లలకు ఇప్పుడు నలభై దాటాయి. వారిలో కొందరు మండల పార్టీ అధ్యక్షులయ్యారు.

1983 జనవరి 5న పోలింగు జరిగింది. 294 స్థానాల సభలో రెండు వందలకు పైగా తెలుగుదేశానివే. కాంగ్రెస్ అరవై దగ్గర ఆగిపోయింది. జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో, జనసముద్రం మధ్య, రాష్ట్రానికి తొలి కాంగ్రెసేతర ముఖ్యమంత్రిగా ఎన్టీఆర్ ప్రమాణం చేశారు. అంకెల కన్నా ముఖ్యం ఆ సభలో కూర్చున్న ముఖాలు. తాతల నాటి పలుకుబడి లేని డాక్టర్లు, ప్లీడర్లు, పట్టా పుచ్చుకుని ఎంతో కాలం కాని కుర్రాళ్లు, వెనుకబడిన కులాల ఇళ్ల నుంచి మొదటిసారి గడప దాటి వచ్చినవారు. హరిశ్చంద్రపురం నుంచి గెలిచిన ఎర్రన్నాయుడికి ముప్పై ఏళ్లు లేవు. తుని నుంచి యనమల రామకృష్ణుడు, ఎచ్చెర్ల నుంచి ప్రతిభాభారతి ఆ బృందంలోనివారే. తరవాతి రోజుల్లో వీరిలో ఒకరు కేంద్ర మంత్రి, మిగతా ఇద్దరూ శాసనసభ స్పీకర్లు అయ్యారు. ఈ పార్టీ చేసిన అతి పెద్ద పని ఏమిటని ఎవరైనా అడిగితే, పథకాల జాబితా విప్పకుండా ఆ 1983 సభ గ్రూపు ఫోటో ముందు పెడితే చాలు.

అలాగని పథకాలు తక్కువా? కిలో రెండు రూపాయల బియ్యం పేదవాడి పొయ్యి మీద రెండు పూటలా ఎసరు పెట్టించింది. దేశమంతా తరవాత నడిచిన చవక బియ్యం బాటలో ముందు అడుగులు వేసినవారిలో అన్న గారు ఒకరు. తిరుపతిలో మహిళలకు పద్మావతి విశ్వవిద్యాలయం, హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం, విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, ఇంజినీరింగు, వైద్య కళాశాలల్లో క్యాపిటేషన్ ఫీజులకు చట్టంతో అడ్డుకట్ట, రాయలసీమ పొలాలకూ మద్రాసు దాహానికీ కృష్ణా జలాలు మోసే తెలుగుగంగ, అన్నీ ఆ తొలి విడత పాలనలో మొదలైనవే.

వీటన్నిటిలో పల్లెటూరివాళ్లు ఇప్పటికీ కథలుగా చెప్పుకునేది కరణాల రద్దు. భూమి ఎవరిదో, పన్ను ఎంతో, సరిహద్దు రాయి ఎక్కడో చెప్పే కాగితాలు తరతరాలుగా ఒకే ఇంట్లో, ఒకే చెక్కపెట్టెలో ఉండేవి. అడంగల్ నకలు కావాలంటే రైతు ఆ ఇంటి అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడాలి. వెళ్లేటప్పుడు ఒట్టి చేతులతో వెళ్లకూడదు: కంది బేడలో, నేతి గిన్నెలో, ఏదో ఒకటి. తెలంగాణలో పటేలు, పట్వారీలదీ అదే పెత్తనం. 1984 జనవరిలో ఒక్క కలం పోటుతో ఆ వంశపారంపర్య కొలువులు పోయాయి. ఆ వెంటే తాలూకాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. పూట బస్సులో పోయి పూట బస్సులో రావలసిన ఆఫీసు సైకిలు మీద వెళ్లివచ్చే దూరానికి చేరింది. పార్టీ గుర్తుకు ఇంతకన్నా సార్థకత ఏముంటుంది!

ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే చట్ట సవరణ 1985లో ఇక్కడ వచ్చింది. దేశమంతటికీ అదే హక్కు వచ్చింది 2005లో. ఇరవై ఏళ్ల ముందు! ఆ రోజుల్లో ఆ బిల్లును చూసి గొణిగిన పెద్దమనుషులు పార్టీలోనూ ఉన్నారు. అయినా ఆగలేదు. తొందరపాటు నిర్ణయాలు లేవని కాదు. ఉద్యోగుల పదవీ విరమణ వయసును 55కు దించి, ఎన్జీవోల ఆగ్రహం చవిచూసి, మళ్లీ 58 చేయవలసి వచ్చింది. అన్న గారిది అదొక ధోరణి. చేసేది మంచైనా చెడైనా అర్ధరాత్రి ఆలోచించి తెల్లవారేసరికి అమలు పెట్టేవారు.

1984 ఆగస్టు గురించి చెప్పకుండా ఈ పార్టీకి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడం కుదరదు. అమెరికాలో గుండె ఆపరేషను చేయించుకుని అప్పుడే తిరిగొచ్చిన ముఖ్యమంత్రిని, సభలో మెజారిటీ ఉండగానే, గవర్నర్ రాంలాల్ ఆగస్టు 16న తొలగించి నాదెండ్ల భాస్కరరావు గారిని కూర్చోబెట్టారు. శాసనసభ్యులను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి, చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్ మెట్ల దాకా వెళ్లిన ఎన్టీఆర్‌ను దేశం చూసింది. ఎమ్మెల్యేలు కర్ణాటకలో దాక్కోవలసి వచ్చింది. ఇక్కడ కాలేజీ కుర్రాళ్లు, రిక్షావాళ్లు, ఎర్రజెండాల వాళ్లు, కాషాయ జెండాల వాళ్లు ఒకే ఊరేగింపులో నడిచారు. నెల రోజులు తిరిగేసరికి, సెప్టెంబరు 16న, అన్న గారు మళ్లీ ముఖ్యమంత్రి. గవర్నర్ మారిపోయారు. ప్రజలెన్నుకున్న ప్రభుత్వాన్ని రాజ్‌భవన్ నుంచి కూల్చితే ఏమవుతుందో దేశానికి పాఠం చెప్పింది ఆ ముప్పై ఒక్క రోజులే.

ఆ డిసెంబరులో ఇందిరా గాంధీ హత్యానంతర సానుభూతి దేశమంతా ఊడ్చుకుపోయింది. రాజీవ్ గాంధీకి నాలుగు వందలకు పైగా స్థానాలు. అంతటి గాలిలో తెలుగుదేశం 30 లోక్‌సభ స్థానాలు గెలిచి పార్లమెంటులో అతి పెద్ద ప్రతిపక్షమైంది. ఒక ప్రాంతీయ పార్టీకి ఆ స్థానం దక్కడం అదే మొదలు. మూడు నెలలకే 1985 మార్చిలో శాసనసభకు మధ్యంతరం: 202 స్థానాలు. కోస్తాలో గుడివాడ, సీమలో హిందూపురం, తెలంగాణలో నల్గొండ, ఒక్కో ప్రాంతానికి ఒక్కటి చొప్పున మూడు చోట్ల నిలబడి మూడింటా గెలిచారు ఎన్టీఆర్. హిందూపురం 1983 నుంచి ఈనాటి దాకా పసుపు జెండాను దించలేదు. కుప్పమూ అంతే.

గెలుపుల సంగతి సరే. ఈ పార్టీని నిజంగా అర్థం చేసుకోవాలంటే ఓడిన ఏళ్ల లెక్క చూడాలి. 1989లో 74 స్థానాలకు పడిపోయి ప్రతిపక్షంలో కూర్చున్నప్పుడు కూడా నూటికి ముప్పై ఆరుకు పైగా ఓట్లున్నాయి. 2004లో సీట్లు 47, ఓట్లు ముప్పై ఏడు శాతానికి పైనే. 2019లో 23 సీట్లే వచ్చాయని ఎగతాళి చేసినవారు ముప్పై తొమ్మిది శాతం ఓట్ల సంగతి మరచిపోయారు. కొత్త పార్టీ రంగంలో ఉన్న 2009 ఒక్కటే దీనికి మినహాయింపు. సీట్లు గాలివాటున వస్తాయి, పోతాయి. నూటికి ముప్పై ఆరు మంది మాత్రం ఎండలో నిలబడి, ఓడిపోయే ఏడాది కూడా సైకిలు మీదే వేలు నొక్కారు. ఏ వ్యూహకర్తా తయారు చేయలేని బలగం అది.

ఆ బలగమే 1994లో తిరిగి కదిలింది. దూబగుంటలో మొదలై జిల్లాలకు జిల్లాలు పాకిన సారా వ్యతిరేక ఉద్యమం వెంట పార్టీ నిలిచింది. మద్య నిషేధం మాట ఇచ్చి ఎన్నికలకు వెళ్లింది. తెలుగుదేశానికి 216, మిత్రపక్షాలైన కమ్యూనిస్టు పార్టీలకు 34, కాంగ్రెస్‌కు 26. ప్రధాన ప్రతిపక్ష హోదా కూడా దక్కనంత తీర్పు. అంతకుముందు, 1991లో, తెలుగువాడు ప్రధాని అయ్యాడని నంద్యాల ఉపఎన్నికలో పి.వి. గారి మీద అభ్యర్థిని నిలబెట్టని పార్టీ కూడా ఇదేనన్నది ఇక్కడ గుర్తు చేయాలి. కాంగ్రెస్‌తో ఎంత వైరమున్నా ఆ పెద్దరికం అన్న గారికే చెల్లింది.

1995 ఆగస్టు గురించి పండగ పూట ఎత్తకపోవడం ఆనవాయితీ. కానీ ఇంట్లో కలిగిన నొప్పి తెలియనిదెవరికి? ఆ నెలలో పార్టీ రెండుగా చీలింది, సెప్టెంబరు 1న ఎన్టీఆర్ అల్లుడు నారా చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రి అయ్యారు, 1996 జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశారు. తెలుగు ఇళ్లల్లో ఈ విషయం మీద వాదన ఇంకా తెగలేదు, తెగదు కూడా. చరిత్ర నిలబెట్టినది ఒక్క మాట: ఆ చీలికతో పార్టీ కూలిపోలేదు.

తరవాతి తొమ్మిదేళ్లు వేరే వేగం. యునైటెడ్ ఫ్రంట్ కన్వీనరుగా బాబు గారు ఢిల్లీలో ప్రభుత్వాలు నిలబెట్టడంలో చేయి వేశారు. 1998లో అమలాపురం నుంచి వెళ్లిన బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్ పీఠమెక్కారు. ఆ పీఠమెక్కిన తొలి దళితుడు ఆయన. కోనసీమ లంకల్లో పుట్టిన ఆ మృదుభాషి 2002లో హెలికాప్టరు ప్రమాదంలో పోయినప్పుడు రెండు సభలూ, అన్ని పార్టీలూ కంటతడి పెట్టాయి. రాళ్లూ రప్పలూ తప్ప మరేమీ లేని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచింది. ఐఎస్‌బీ, ఐఐఐటీ వచ్చాయి. ఈ రోజు డాలస్‌లోనో సింగపూర్‌లోనో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న రైతుబిడ్డల్లో ఎంతమంది దారి ఆ రోజుల్లో పడిందో లెక్క తీయడం కష్టం. హైటెక్కు ఒక్కటే కాదు. 1999లో మొదలైన రైతుబజారులో పలక మీద సుద్దముక్కతో ఆనాటి వంకాయ ధర, టమాటా ధర రాసి పెట్టేవారు. గుర్తింపు కార్డు మెడలో వేసుకున్న రైతు తన పంట తానే తూచి అమ్ముకునేవాడు. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుని అప్పు అడగడం నేర్చుకున్నది ఆ కాలంలోనే. 1999లో 180 శాసనసభ స్థానాలు, 29 లోక్‌సభ స్థానాలు ప్రజలిచ్చారు. పల్లెల్లో కరువు కాటు, కరెంటు చార్జీల మంట పాలకుల చెవికి సరిగ్గా చేరలేదేమో, 2004లో దించేశారు కూడా. పదేళ్ల నిరీక్షణ.

ఆ పదేళ్లలో పార్టీ చాలా పోగొట్టుకుంది. 2012 అక్టోబరు 2న హిందూపురం నుంచి బయలుదేరిన ‘వస్తున్నా మీకోసం’ పాదయాత్రలో అరవై దాటిన బాబు గారు వాచిన కాళ్లతో ఏడు నెలలు నడిచి పార్టీకి మళ్లీ జీవం పోశారు. 2014 జూన్‌లో రాష్ట్రం రెండయింది. నవ్యాంధ్రలో 102 స్థానాలతో అధికారం, తెలంగాణలో 15 స్థానాలు. తరవాత తెలంగాణలో పార్టీ నీడ కుదించుకుపోయింది. అది కాదనలేని నిజం. అయినా ఒక ముచ్చట ఉంది. తెలంగాణకు ఇప్పటిదాకా ముఖ్యమంత్రులైన ఇద్దరూ, కేసీఆర్ గారూ రేవంత్ రెడ్డి గారూ, ఈ పసుపు జెండా కింద శాసనసభ్యులుగా పనిచేసినవారే. నాయకులను తయారుచేసి పొరుగింటికి కూడా ఇచ్చిన బడి ఇది.

పట్టిసీమతో గోదావరి నీళ్లు కృష్ణమ్మ ఒడికి చేరాయి. అమరావతి కోసం రైతులు ముప్పై వేల ఎకరాలకు పైగా నమ్మకం మీద ఇచ్చారు. అన్న క్యాంటీన్లలో ఐదు రూపాయలకు పూట కడుపు నిండింది. అయినా 2019లో ఓటమి గట్టిగా కొట్టింది. ఆ తరవాతి ఐదేళ్లు కార్యకర్తలు పడ్డ పాట్లు రాయాలంటే పుస్తకమే కావాలి. కేసులు, రాత్రిళ్లు స్టేషన్లు, క్యాంటీన్లకు తాళాలు, రాజధాని రైతుల దీక్షా శిబిరాలు. చివరికి 2023 సెప్టెంబరు 9న నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసులో డెబ్బై మూడేళ్ల అధినేత అరెస్టు, రాజమహేంద్రవరం జైలు. ఆ జైలు బయటే నిలబడి జనసేన అధినేత పవన్ కల్యాణ్ గారు పొత్తు ప్రకటించారు. ఐటీ ఉద్యోగులు ఊరు కాని ఊళ్లలో రోడ్ల మీదకు వచ్చారు. కుప్పం నుంచి యువగళం పాదయాత్ర మొదలుపెట్టిన బాబు గారి కుమారుడు లోకేశ్ మూడు వేల కిలోమీటర్లు దాటి నడిచారు.

ఇక 2024 మే 13. హైదరాబాదు నుంచి బస్సుల టాప్ మీద తప్ప మిగతా చోటంతా నిండిపోయి జనం సొంతూళ్లకు వచ్చారు. విమానాలెక్కి విదేశాల నుంచి ఓటు కోసమే దిగినవారున్నారు. కొన్ని పోలింగు కేంద్రాల్లో క్యూ అర్ధరాత్రి దాకా సాగింది. ఎనభై ఒకటి శాతానికి పైగా పోలింగు. ఫలితం: 144 చోట్ల పోటీ చేసిన తెలుగుదేశానికి 135, జనసేనకు 21, భాజపాకు 8, 175లో కూటమికి 164. పార్లమెంటులో పార్టీకి 16. ఐదు వేల చిల్లర ఓట్లతో 2019లో ఓడిన మంగళగిరిలోనే మళ్లీ నిలబడి లోకేశ్ 91 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. 1985 తరవాత అక్కడ పార్టీ గెలవడం అదే మొదటిసారి. గాజువాకలో పల్లా శ్రీనివాసరావు గారి మెజారిటీ 95 వేలు దాటింది. 1983లో ముప్పై ఏళ్లు నిండకుండానే సభకు వచ్చిన ఎర్రన్నాయుడి కుమారుడు రామ్మోహన్ నాయుడు కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యారు. ఆ తండ్రి బతికి ఉంటే ఎంత పొంగిపోయేవారో!

ఆ ఏడాది జూలై మొదటి తేదీన తెల్లవారకముందే పెంచిన పింఛను ముసలవ్వ మంచం దగ్గరకు నడిచొచ్చింది. పాత బకాయిలతో కలిపి ఆ నెల ఏడు వేలు. ఆగస్టు 15న గుడివాడలో అన్న క్యాంటీన్ పొయ్యి మళ్లీ రాజుకుంది. సభ్యత్వం కోటి దాటిందని పార్టీ ప్రకటించింది. కార్డు తీసుకున్న ప్రతి కార్యకర్తకూ ప్రమాద బీమా కల్పించే ఏర్పాటు దేశంలో ఎన్ని పార్టీలు చేశాయి? జెండా మోసినవాడు రోడ్డు మీద పోతే ఆ ఇంటి దీపం ఆరకూడదన్న ఆలోచన అది.

గెలుపు ఎంత పెద్దదైతే బాకీ అంత పెద్దది. పోలవరం గేట్ల నుంచి కాలువల్లోకి నీళ్లు పారాలి. నమ్మి భూములిచ్చిన అమరావతి రైతు తన ప్లాటులో పునాది తవ్వుకోవాలి. జీడిపప్పు ఫ్యాక్టరీలో కూలికి పోయే పలాస అమ్మాయికి, వలస బస్సెక్కే ఆలూరు కుర్రాడికి సొంత జిల్లాలో ఉద్యోగం దొరకాలి. ఈ పార్టీ వల్ల అవుతుందన్న నమ్మకం ఉంది కాబట్టే అడుగుతున్నాం. నలభై మూడేళ్లుగా వెంట నడిచినవారికి అడిగే చనువూ ఉంది. పెద్దలు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలి, పిన్నలు పెద్దల అడుగుజాడల కన్నా నాలుగడుగులు ముందుకు వేయాలి, మండల స్థాయి కార్యకర్తకు పదవిలోనూ గౌరవంలోనూ మొదటి వరస దక్కాలి, స్వర్ణోత్సవం నాటికి పసుపు జెండా ఇంతకింత ఎత్తున ఎగరాలి.

2025 మే నెలలో పార్టీ మహాసభ మహానాడు కడపలో జరిగింది. నిన్నమొన్నటి దాకా ప్రత్యర్థి కోట అని పేరుపడిన ఆ ఉమ్మడి జిల్లాలో 2024లో పది స్థానాలకు ఏడు కూటమి గెలిచింది. అన్న గారి జయంతి నాటికి అక్కడ ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే. అయినా శ్రీకాకుళం నుంచి, చిత్తూరు నుంచి మార్చిలోనే బస్సులు మాట్లాడుకోవడం మొదలైపోయింది.